మహాకవి తరాస్ షెవ్‌చెంకో

ఒక జాతిని లోబరచుకొనగోరు పాలకులు ముందుగా దాని కోటలను పట్టుకొందురు. పిమ్మట దాని భూములను పంచుకొందురు. అంతటితో తృప్తి చెందక దాని భాషను గూడ అణచివేయ యత్నింతురు. కోటలు కూలినను భాష నిలిచియున్నంత కాలము ఆ జాతి తన పూర్వచరిత్రమును మరువదు. తన కష్టసుఖములను తన నోటితోనే చెప్పుకొనుచుండును. పందొమ్మిదవ శతాబ్దమున రష్యా చక్రవర్తుల యేలుబడిలో ఉక్రెయిన్ దేశమునకు ఇట్టి దురవస్థయే సంభవించెను. ఆ దేశప్రజల భాష పాఠ్యగ్రంథములందు గాని, నాటకరంగమునందు గాని వినబడరాదని శాసనములు పుట్టెను. ఆ శాసనములకు ముందుతరమున ఒక దాసకుటుంబమునందు జన్మించి, ఆ భాషకు కావ్యగౌరవమును సంపాదించి, అందులకై పదియేండ్లు ప్రవాసశిక్ష ననుభవించిన మహనీయుడు తరాస్ షెవ్‌చెంకో.

ఉక్రెయిన్ ఐరోపాఖండపు తూర్పుభాగమున నున్నది. నీపర్ అను మహానది ఆ దేశమధ్యమున ప్రవహించి నల్లసముద్రమున గలియుచున్నది. అచటి నల్లరేగడి నేలలు గోధుమపంటకు పేరెన్నికగన్నవి. పూర్వము కోసాక్కులను యోధులు ఆ నదీతీరమున స్వేచ్ఛగా జీవించుచుండిరి. 1775వ సంవత్సరమున రష్యా మహారాణి రెండవ కేథరిన్ వారి ప్రధానస్థావరమును నాశనము చేయించెను. 1783వ సంవత్సరమున ఆమె అచటి రైతులను వారున్న భూములకు కట్టివేసెను. నాటినుండి ఆ రైతులు తమ యిష్టము వచ్చినచోటికి పోజాలరైరి. జమీందారు పొలములో వెట్టిచాకిరి చేయుట, అతడు కొట్టిన దెబ్బలు తినుట, అతడు విక్రయించినచో మరియొక యజమానిని సేవించుట వారికి విధియయ్యెను. ఇట్టివారిని సెర్ఫులందురు.

దేశమునందలి ధనికులు క్రమముగా రష్యను భాష నేర్చి, ప్రభుత్వోద్యోగములలో కుదిరి, తమ తల్లిభాషను విడనాడిరి. ఉక్రేనియను భాష పల్లెప్రజల నోట మాత్రమే మిగిలెను. అది వేరు భాష కాదనియు, రష్యను భాష యొక్క గ్రామ్యరూపమే యనియు అధికారులు భావించుచుండిరి. 1798వ సంవత్సరమున కొత్ల్యారెవ్‌స్కీ యను కవి ఆ భాషలో ఒక హాస్యకావ్యమును ప్రకటించి నూతనసాహిత్యమునకు నాంది పలికెను. అయినను ఆ భాష నవ్వించుటకే గాని గంభీరమైన భావములను చెప్పుటకు పనికిరాదని పెక్కురు పండితులు తలంచుచుండిరి.

ఇట్టి దినములలో 1814వ సంవత్సరము మార్చి 9వ తేదీన కీవ్ నగరమునకు దక్షిణమున నున్న మోరింత్సి యను గ్రామమున షెవ్‌చెంకో జన్మించెను. తండ్రి హ్రిహోరి, తల్లి కతెరీనా. వారిరువురును ఎంగెల్‌హార్ట్ అను జమీందారునకు సెర్ఫులు. కొంతకాలమునకు వారి కుటుంబము సమీపమునందలి కిరిలివ్కా గ్రామమునకు చేరెను. తల్లిదండ్రులు పగలంతయు జమీందారు పొలమున నుండగా, అక్కయైన కతెరీనా తమ్ముని పెంచెను. ముసలితాత సాయంకాలమున నిప్పుచెంత గూర్చుండి, 1768వ సంవత్సరమున జరిగిన రైతుల తిరుగుబాటును గూర్చి కథలు చెప్పుచుండెను. బాలుడు కన్నులు విప్పార్చి వినుచుండెను. ఆ కథలు అతని మనస్సున నాటుకొని తరువాత కావ్యములుగా పరిణమించెను.

షెవ్‌చెంకో చిన్ననాటనే మిక్కిలి కుతూహలము గలవాడు. ఆకాశమును ఇనుపస్తంభములు మోయుచున్నవని ఎవరో చెప్పగా విని, ఆ స్తంభములను చూచివచ్చుటకై ఒంటరిగా బయలుదేరెను. చాలదూరము నడచి దారి తప్పెను. ఉప్పుబండ్లు తోలుకొని వచ్చుచున్నవారు అతనిని చూచి, బండిలో నెక్కించుకొని యింటికి చేర్చిరి.

ఆ బాల్యసుఖము చిరకాలము నిలువలేదు. 1823వ సంవత్సరమున తల్లి మరణించెను. తండ్రి మరల వివాహమాడెను. సవతితల్లి పిల్లలను సరిగా చూడలేదు. 1825వ సంవత్సరమున తండ్రియు గతించెను. పదునొకండేండ్ల బాలుడు దిక్కులేనివాడయ్యెను. అతడు గ్రామమునందలి చర్చిలో పనిచేయు ఒక ఉపాధ్యాయునియొద్ద చేరి, నీళ్లు మోయుచు, ఇతర సేవలు చేయుచు అక్షరములు నేర్చెను. ఆ గురువునకు త్రాగుడు అలవాటు, అకారణముగ దండించుచుండెను. చనిపోయినవారి యిండ్లలో ప్రార్థనాగీతములు చదువుటకు గురువు తనకు బదులుగా ఈ బాలుని పంపుచుండెను. ఇంత కష్టములోను అతనికి బొమ్మలు గీయుటయందు అపారమైన ఆసక్తి యుండెను. చిత్రకారుల యిండ్లు వెదకికొనుచు గ్రామగ్రామము తిరిగి, తనకు విద్య నేర్పుమని వేడుకొనెను. కొంతకాలము గ్రామపు గొర్రెలను గూడ కాచెను.

1828వ సంవత్సరమున జమీందారు కుమారుడైన పావెల్ ఎంగెల్‌హార్ట్ అతనిని తన యింటి పనివానిగా చేసికొనెను. యజమాని గదివాకిట నిలుచుండి, పిలిచినప్పుడు నీళ్లందించుట, పొగగొట్టము ముట్టించి యిచ్చుట అతని పనులు. యజమానితో కూడ అతడు విల్నా నగరమునకు పోయెను. 1829వ సంవత్సరము డిసెంబరు మాసమున ఒక రాత్రి యజమాని విందునకు పోయియుండగా, అతడు కొవ్వొత్తి వెలిగించుకొని ఒక కోసాకు సేనాని బొమ్మను చూచి గీయుచు మైమరచిపోయెను. యజమాని తిరిగివచ్చిన సంగతియే అతడెరుగడు. ఇల్లు తగులబెట్టుచున్నాడని యజమాని కోపించి చెంపలు వాయించెను; మరునాడు గుర్రపుసాలలో కొరడాలతో కొట్టించెను. అయినను ఇతనికి ఆ కళ అబ్బునని గ్రహించి, తన యింట చిత్రకారుడొకడున్న లాభమేయని తలంచి, రాజధానియగు సెయింట్ పీటర్స్‌బర్గునకు తీసికొనిపోయి, 1832వ సంవత్సరమున షిర్యాయెవ్ అను వృత్తిచిత్రకారునియొద్ద నాలుగేండ్ల శిక్షణకు ఉంచెను.

పీటర్స్‌బర్గు ఉత్తరదిక్కున చాలదూరమున నుండుటచే వేసవిలో అచట రాత్రులందును వెలుతురుండును. పగలు యజమానుల పనిలో తీరిక దొరకనందున, షెవ్‌చెంకో ఆ రాత్రులలో నిద్ర మాని, రాజోద్యానమునకు పోయి, అచటి పాలరాతివిగ్రహములను చూచి బొమ్మలు గీయుచుండెను. అప్పుడు అతని దేశమువాడే యైన ఇవాన్ సోషెంకో యను చిత్రకళావిద్యార్థితో అతనికి పరిచయమయ్యెను. చినిగిన బట్టలతోనున్న ఈ యువకునియందలి ప్రతిభను సోషెంకో గుర్తించి, రాజధానియందలి ప్రముఖులకు అతనిని జూపెను. వారిలో కార్ల్ బ్రూలోవ్ చిత్రకారులలో మేటి. జుకోవ్‌స్కీ కవిగా ప్రసిద్ధుడు, యువరాజునకు గురువు.

వారు షెవ్‌చెంకోను దాస్యమునుండి విడిపింప దలచిరి. జమీందారు దయాధర్మములకు లోబడలేదు. 2,500 రూబుళ్లిచ్చినగాని విడువనని పట్టుబట్టెను. ఆ కాలమున అది పెద్దమొత్తము. అప్పుడు బ్రూలోవ్ ఒక ఉపాయము పన్నెను. అతడు జుకోవ్‌స్కీ చిత్రపటమును గీయగా, దానిని లాటరీలో పెట్టిరి. రాజకుటుంబమువారును అందు పాల్గొనిరి. అట్లు లభించిన ధనముతో 1838వ సంవత్సరమున షెవ్‌చెంకోకు విముక్తి కలిగెను. అప్పటికి అతనికి ఇరువదినాలుగేండ్లు. ఒక మనుష్యుని స్వేచ్ఛకు ఒక మనుష్యుని బొమ్మ వెలయయ్యెను.

విముక్తుడైన వెంటనే ఆయన కళాపరిషత్తున చేరి బ్రూలోవ్ శిష్యుడయ్యెను. చిత్రకళతోపాటు కవిత్వమును గూడ అభ్యసించెను. 1840వ సంవత్సరమున ఆయన తొలి కావ్యసంపుటి 'కోబ్జార్' వెలువడెను. కోబ్జా యనునది తంత్రీవాద్యము. దానిని మీటుచు ఊరూర వీరగాథలు పాడు గాయకులను కోబ్జారులందురు. వారిలో పెక్కురు అంధులు. ఆ గాయకుల పేరునే షెవ్‌చెంకో తన గ్రంథమున కుంచెను. అందు ఎనిమిది కావ్యములు మాత్రమే కలవు. వానిలోను కొన్ని పాదములను ప్రభుత్వపు పరిశీలకులు తొలగించిరి. అయినను ఆ చిన్నపుస్తకము దేశమంతట వ్యాపించెను. పల్లెటూరి యువతి దుఃఖమును, అనాథల వేదనను, కోసాక్కుల శౌర్యమును ఇంత మధురముగ, ఇంత గంభీరముగ ఆ భాషలో చెప్పవచ్చునని చదువరులకు తెలియవచ్చెను. చదువురానివారు సైతము ఆ పద్యములను విని కంఠస్థము చేసికొనిరి. కవిని గూడ జనులు కోబ్జార్ అనియే పిలువసాగిరి. 1841వ సంవత్సరమున తాత చెప్పిన తిరుగుబాటుకథ 'హైదమాకీ' యను కావ్యముగా ప్రచురితమయ్యెను.

1843వ సంవత్సరమున ఆయన స్వదేశమునకు పోయెను. తాను స్వతంత్రుడై, పెద్దలచే గౌరవింపబడుచున్నను, తన యన్నదమ్ములును అక్కచెల్లెండ్రును ఇంకను వెట్టిచాకిరిలోనే మ్రగ్గుచుండిరి. ఆ దృశ్యము ఆయన హృదయమును కలచివేసెను. నాటినుండి ఆయన కవిత్వము నిప్పుకణమువలె వెలువడెను. 1844వ సంవత్సరమున రచించిన 'స్వప్నము' అను కావ్యమున చక్రవర్తి దంపతులను పరిహసించి, రాజధాని కోసాక్కుల యెముకలపై లేచినదని నిందించెను. మరుసటి సంవత్సరమున రచించిన 'కాకసస్' అను కావ్యమున, రష్యా సేనలతో పోరాడుచున్న పర్వతవాసుల పక్షమున నిలిచెను. ఆ పర్వతవాసులు ఆయన జాతివారు కారు, మతమువారును కారు. అన్యాయమునకు గురియైన ప్రతిజాతియు ఆయనకు ఆత్మీయమే. తన విముక్తికి రాజకుటుంబము ధనమిచ్చెను గదా, ఇట్లు వ్రాయుట కృతఘ్నత యని కొందరు నిందించిరి. తానొక్కడు విడుదలయైనంత మాత్రమున లక్షలాది సోదరుల సంకెళ్లను చూచి మౌనము వహించుట ధర్మము కాదని ఆయన భావించెను. ఈ కావ్యములు అచ్చుపడుట యసాధ్యము. చేతివ్రాతలుగా మిత్రుల నడుమ తిరుగుచుండెను.

కీవ్ నగరమున పురాతన శాసనములను, కట్టడములను పరిశీలించు సంఘమున ఆయనకు చిత్రకారునిగా పని దొరికెను. అచట చరిత్రకారుడైన కొస్తొమారోవ్ మున్నగు విద్యావంతులు సిరిల్, మెథోడియస్ అను పుణ్యపురుషుల పేర ఒక రహస్యసంఘమును స్థాపించిరి. సెర్ఫుల విముక్తి, ప్రజలకు విద్య, స్లావుజాతుల సమానత్వము వారి ఆశయములు. ఒక విద్యార్థి యీ సంగతిని ప్రభుత్వమున కెరిగించెను. 1847వ సంవత్సరము ఏప్రిల్ మాసమున షెవ్‌చెంకోను గూడ బంధించిరి. ఆయన ఆ సంఘమున సభ్యుడని విచారణలో తేలలేదు. అయినను ఆయన సంచిలోని వ్రాతప్రతులు చాలినవి. ఆ కవిత్వము జనుల నోళ్లలో నానినచో ఉక్రెయిన్ వేరుగా బ్రతుకగలదను తలంపు వారికి కలుగునని అధికారులు భయపడిరి. అందుచే సంఘనాయకులకంటె కవికే కఠినశిక్ష పడెను. సామాన్యసైనికునిగా దూరప్రాంతమునకు పంపవలెనని తీర్పు వ్రాయగా, మొదటి నికొలస్ చక్రవర్తి దాని క్రింద, ఇతనిని కఠినమైన కాపుదలలో నుంచవలెననియు, వ్రాయుటకు గాని బొమ్మలు గీయుటకు గాని అనుమతింపరాదనియు స్వహస్తముతో చేర్చెను.

కవికిని చిత్రకారునికిని ఇంతకంటె ఘోరమైన దండన లేదు. ఆయనను ఉరల్ నదీతీరమునందలి ఓర్స్క్ కోటకు పంపిరి. చెట్టుచేమలు లేని మైదానము, కఠోరమైన కవాతు, అధికారుల తిట్లు ఆయన నిత్యజీవితమయ్యెను. అయినను ఆయన వ్రాయుట మానలేదు. చిన్నచిన్న కాగితములను కుట్టి అరచేతిలో నిముడు పుస్తకములు చేసికొని, వానిలో అతిసూక్ష్మమైన అక్షరములతో పద్యములు వ్రాసి, తన బూటులో దాచుకొనుచుండెను. నాలుగేండ్లపాటు ఆయన కవిత్వము అట్లు సైనికుని పాదరక్షలలో జీవించెను. ఆ చిన్నపుస్తకములు నేటికిని భద్రముగ నున్నవి.

1848, 1849 సంవత్సరములలో బుతాకోవ్ అను నావికాధికారి ఆరల్ సముద్రమును శోధించుటకు వెడలెను. తీరరేఖలను చిత్రించుటకు ఆయనకు చిత్రకారుడు కావలసివచ్చెను. ఆయన నిషేధమును లెక్కింపక షెవ్‌చెంకోను వెంట గొనిపోయెను. ఆ యాత్రలో షెవ్‌చెంకో సముద్రతీరములను, గుడారములలో నివసించు కజాఖు ప్రజలను, ఆకలిగొన్న వారి బిడ్డలను చక్కగా చిత్రించెను. కాని 1850వ సంవత్సరమున ఒక అధికారి, ఈ సైనికుడు బొమ్మలు గీయుచున్నాడని పైవారికి తెలియజేసెను. మరల విచారణ జరిగెను. ఈమారు కాస్పియన్ సముద్రతీరమున నోవోపెత్రోవ్‌స్క్ అను ఏకాంతదుర్గమునకు ఆయనను పంపిరి. అచట ఏడేండ్లు గడచెను. కాపుదల మరింత గట్టిపడుటచే పద్యరచన దాదాపు నిలిచిపోయెను. త్రోవలో దొరికిన విల్లోచెట్టు కొమ్మ నొకదానిని ఆయన ఆ యెడారినేలలో నాటి, నీరు పోసి పెంచెను. అది చిగిర్చి వృక్షమయ్యెను. ఆ దుర్గమున్న ఊరు నేడు కజాఖ్‌స్తాన్ దేశములో షెవ్‌చెంకో పేరుతోనే పిలువబడుచున్నది.

1855వ సంవత్సరమున నికొలస్ చక్రవర్తి మరణించెను. కళాపరిషత్తు ఉపాధ్యక్షుడైన ఫ్యోదర్ టాల్‌స్టాయ్ ప్రభువును, ఆయన భార్యయు పట్టువిడువక ప్రార్థించుటచే 1857వ సంవత్సరమున షెవ్‌చెంకోకు విడుదల లభించెను. దారిలో నిజ్నీ నొవ్‌గొరోద్ నగరమున కొంతకాలము ఆపి, 1858వ సంవత్సరమున గాని రాజధానిలో ప్రవేశింపనీయలేదు. అప్పటికి ఆయన తల బట్టతలయై, ఆరోగ్యము చెడియుండెను. ఆ సంవత్సరముననే ఐరా ఆల్‌డ్రిడ్జ్ అను నల్లజాతి అమెరికా నటుడు షేక్‌స్పియర్ నాటకము లాడుటకై పీటర్స్‌బర్గునకు వచ్చెను. ఒకరి భాష ఒకరికి రాదు. అయినను బానిసత్వపు బాధ నెరిగిన జాతిలో పుట్టిన ఆ నటునికిని, సెర్ఫుగా పుట్టిన ఈ కవికిని గాఢమైన మైత్రి యేర్పడెను. టాల్‌స్టాయ్ కుమార్తె వారి మాటలను అనువదించి చెప్పుచుండెను. షెవ్‌చెంకో ఆ నటుని చిత్రపటమును గీసెను.

1859వ సంవత్సరమున ఆయన స్వదేశమును చూడబోగా, అధికారులు మరల బంధించి, కొన్నాళ్లకు విడిచి, తిరిగి రాజధానికి పొమ్మని శాసించిరి. ఆయన చివరిదినములలో తలపెట్టిన కార్యము మిక్కిలి స్మరణీయమైనది. ఆదివారపు పాఠశాలలలో చదువుకొను పేదవారికొరకు ఉక్రేనియను భాషలో ఒక వాచకమును కూర్చి, తన సొంతధనముతో 10,000 ప్రతులు అచ్చు వేయించెను. దేశవిఖ్యాతుడైన కవి, 1860వ సంవత్సరమున కళాపరిషత్తుచే చెక్కుడుచిత్రములలో అకాడమీషియన్ బిరుదము నందినవాడు, అక్షరములు నేర్పు చిన్నపుస్తకమునకై శ్రమించెను. పెద్దకావ్యములు నిలువవలెనన్న వానిని చదువగల పిల్లలుండవలెనని ఆయన యెరుగును.

1861వ సంవత్సరము మార్చి 10వ తేదీన, నలువదియేడవ జన్మదినము గడచిన మరునాడే, ఆయన పరమపదించెను. సెర్ఫులను విడుదల చేయు శాసనముపై చక్రవర్తి అంతకు ఏడుదినముల ముందే సంతకము చేసియుండెను. కాని అది ప్రజలకు ప్రకటింపబడునప్పటికి కవి లేడు. ఆయన జీవితమున ఇరువదినాలుగేండ్లు దాస్యమునను, పదియేండ్లు ప్రవాసమునను గడచెను. మిగిలిన కాలములోను చాలభాగము రక్షకభటుల కన్నులు ఆయనను వెన్నాడుచునే యుండెను. తన దేహమును నీపర్ నది కనబడు గుట్టపై పాతిపెట్టవలెనని ఆయన ఒక గీతమున కోరియుండెను. మిత్రులు ఆ కోరికను మరువలేదు. అదే సంవత్సరము మే మాసమున ఆయన శవపేటికను పీటర్స్‌బర్గునుండి కొనివచ్చిరి. కీవ్ నగరమున విద్యార్థులు గుర్రములను విప్పి, బండిని తామే లాగిరి. కానివ్ పట్టణసమీపమున నీపర్ నదికి ఎగువనున్న గుట్టపై ఆయనను సమాధి చేసిరి.

కవి మరణించినను పాలకుల భయము తీరలేదు. 1863వ సంవత్సరమున ఆంతరంగికమంత్రియగు వలూయెవ్ రహస్యముగ ఒక ఉత్తరువు పంపెను. ఉక్రేనియను అను ప్రత్యేకభాషయే లేదను వాదమును గైకొని, పాఠ్యపుస్తకములు, మతగ్రంథములు ఆ భాషలో ముద్రింపరాదని నిషేధించెను. షెవ్‌చెంకో వాచకము వంటి పుస్తకములకు ఇక చోటు లేకపోయెను. 1876వ సంవత్సరమున రెండవ అలెగ్జాండర్ చక్రవర్తి జర్మనీ దేశమునందలి ఎమ్స్ పట్టణమున విశ్రమించుచు మరింత కఠినమైన శాసనమును జారీచేసెను. ఆ భాషలోని పుస్తకములను విదేశములనుండి తెప్పింపరాదు. అనువాదములు ప్రకటింపరాదు. నాటకము లాడరాదు. పాటల సాహిత్యమును స్వరములతో కూడ అచ్చువేయరాదు. కథలు, కవిత్వము అనుమతించినను రష్యను వర్ణక్రమముననే వ్రాయవలెను. లేదని చెప్పిన భాషను నిషేధించుటకు ఇన్ని శాసనములు కావలసివచ్చెను!

నీటికి అడ్డుకట్ట వేసినచో అది మరియొక దారి వెదకికొనును. ఉక్రేనియను భాషయు అట్లే చేసెను. ఆస్ట్రియా యేలుబడిలోనున్న ల్వీవ్ నగరమున 1873వ సంవత్సరమున షెవ్‌చెంకో పేర సాహిత్యసంఘము వెలసెను. రష్యాలో అచ్చుపడనీయని కావ్యములతో కూడిన 'కోబ్జార్' 1876వ సంవత్సరమున ప్రేగ్ నగరమున వెలువడెను. 1878వ సంవత్సరమున జెనీవాలో దానిని చాల చిన్నపుస్తకముగా అచ్చువేసిరి. సరిహద్దు దాటించువారు దానిని సులభముగ దాచుకొనగలిగిరి. 1905వ సంవత్సరమున రష్యా విజ్ఞానపరిషత్తు పండితులే ఆ నిషేధములను తొలగింపవలెనని ప్రభుత్వమునకు సలహా యిచ్చిరి. 1907వ సంవత్సరమున రష్యాలో 'కోబ్జార్' తొలిసారి సమగ్రముగ ముద్రింపబడెను. అయినను 1914వ సంవత్సరమున కవి శతజయంతిని ప్రభుత్వము జరుపనీయలేదు. కీవ్ వీధులలో జనులు గుమిగూడి నిరసించిరి. చక్రవర్తుల పాలన 1917వ సంవత్సరమున అంతరించెను. పిదప వచ్చిన సోవియట్ పాలనలో షెవ్‌చెంకోకు విగ్రహములు వెలసినను, 1930 తరువాత పెక్కురు ఉక్రేనియను రచయితలు చెరలకును మరణదండనకును గురియైరి. 1991వ సంవత్సరమున ఉక్రెయిన్ స్వతంత్రదేశమయ్యెను. నేడు ఆయన భాష ఆ దేశపు రాజభాష. కీవ్ విశ్వవిద్యాలయము ఆయన పేరు ధరించియున్నది.

షెవ్‌చెంకోకు సేనలు లేవు, సంపద లేదు, పదవియు లేదు. ఆయనకున్నది తల్లి నేర్పిన భాష యొక్కటియే. దానిని ఆయన తక్కువగా చూడలేదు. కష్టము వచ్చినప్పుడు విడిచిపెట్టలేదు. వ్రాయరాదని శాసించిన చక్రవర్తిని నేడు తలచువారు అరుదు. బూటులో దాచుకొని వ్రాసిన ఆ పద్యములను మాత్రము ఉక్రెయిన్ దేశపు బాలబాలికలు నేటికిని తమ పాఠశాలలలో, తమ భాషలో, నిర్భయముగ చదువుకొనుచున్నారు.